వెళ్ళొస్తానన్న పాపానికి

ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో నాకు మూడు మెమోలొచ్చాయి. ఒకటి మీటింగుకి ఆలస్యంగా వెళ్ళినందుకు, ఒకటి ఒక పెద్దమనిషి పొలానికి అసలు వెళ్ళనందుకు. మూడోది ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు, ఇచ్చిన ఆఫీసరుకి కూడా తెలిసి ఉండదు. వీటిలో ఏ ఒక్కటీ నా నిద్ర చెడగొట్టలేదు. నిజంగా మెమో ఇవ్వాల్సిన తప్పు నేను రిటైరయ్యాక చేశాను. దానికి మెమో రాలేదు సరికదా, అనువాదం చాలా ఖచ్చితంగా చేశారని మెచ్చుకుంటూ సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ కాగితం నా బీరువాలో ఉంది. చింపేద్దామని తీసిన ప్రతిసారీ, ఉండనీ, బుద్ధొస్తుంది అనుకుని మళ్ళీ లోపల పెడతాను.

వ్యవసాయ శాఖలో కొత్తగా చేరుతున్న పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. మీకు కంప్యూటర్లు వచ్చు, ఇంగ్లీషు వచ్చు. ఇంగ్లీషు నాకూ వచ్చు. జరిగిన చెడంతా దాని దగ్గరే మొదలైంది.

పామర్రు చుట్టుపక్కల ఊళ్ళలో విస్తరణ అధికారిగా పనిచేసి రిటైరయ్యాను. ఏవో అంటే అగ్రికల్చరల్ ఆఫీసరు, నా పై అధికారి, కానీ రైతులు మా శాఖలో ఎవరు కనిపించినా ఏవోగారనే పిలుస్తారు. రిటైరైన నాలుగు నెలలకి ఒక స్వచ్ఛంద సంస్థ ప్రకటన కనిపించింది. ఆఫ్రికాలో ఒక దేశంలో పల్లపు భూముల్లో కొత్తగా వరి వేస్తున్నారని, వరి పని తెలిసినవాళ్ళు పద్దెనిమిది నెలలు అక్కడుండి నేర్పాలని, జీతం ఉండదు గానీ తిండీ బసా చూస్తామని అందులో ఉంది. ఇంట్లో కూర్చుని టీవీతో పోట్లాడుతున్న నన్ను భరించలేక మా ఆవిడే దరఖాస్తు పెట్టించింది.

వెళ్ళేముందు ఆరు వారాల శిక్షణ. గన్నవరంలో మూతపడిన ఒక కాలేజీ హాస్టలుని అందుకోసం అద్దెకి తీసుకున్నారు. విమానం దిగినప్పుడల్లా కిటికీలు అదిరేవి, పాఠం ఆగేది. నిజం చెప్పాలంటే పాఠం ఆగినప్పుడే మాకు కాస్త ఊపిరాడేది.

మొత్తం తొమ్మిదిమందిమి. ఆరుగురు వేరే దేశాలకి, వేరే పనుల మీద వెళ్ళేవాళ్ళు. వరి పనికి ముగ్గురం. ఒకణ్ణి నేను. రెండో ఆయన విజయవాడ ఆటోనగర్లో జీవితమంతా ఇంజన్లు విప్పి బిగించిన ముస్లిం పెద్దాయన, అక్కడి నీటి పంపులు చూసుకోవటానికి వస్తున్నారు. మూడో మనిషి నాట్ల మేస్త్రి. మేస్త్రి అనగానే మగమనిషి అనుకోకండి. పామర్రు దగ్గర ఒక పల్లెలో ఇరవైమంది ఆడవాళ్ళ ముఠాని నడిపే యాభై రెండేళ్ళ ఆవిడ. ఆదివారం చర్చికి పోతుంది, మిగతా ఆరు రోజులూ మడిలో ఉంటుంది. మేమంతా మేస్త్రమ్మా అని పిలిచేవాళ్ళం.

నేను సర్వీసులో ఉండగా ఆవిడ ముఠా నాటిన పొలాల గట్టున నిలబడి రైతులకి ఎన్నోసార్లు ఉపన్యాసం ఇచ్చాను. 'చూడండి, వరసలు ఎంత చక్కగా ఉన్నాయో' అని చేత్తో చూపించాను. ఆ వరసలు వేసిన మనిషి పేరు ఒక్కసారి కూడా అడగలేదు. గన్నవరం హాస్టల్లో మొదటి రోజు ఆవిడే నన్ను గుర్తుపట్టి దణ్ణం పెట్టింది. ఈ వయసులో ఇంత దూరం ఎందుకమ్మా అని అడిగాను.

"మా ముఠాలో అందరికన్నా చిన్నదానికి నలభై రెండేళ్ళండి. దాని కూతురు బెజవాడలో బట్టల షాపులో చేస్తంది, మడిలోకి రమ్మంటే నవ్వుద్ది. మిషన్లొచ్చినయ్, నాటకుండా ఇత్తనాలు ఎదజల్లుడొచ్చింది. నా చేతిలో ఉన్నది ఎవరో ఒకళ్ళకి ఇచ్చేసి పోవాలి కదండి. ఇక్కడ తీసుకునేవోళ్ళు లేరు. అక్కడ ఉన్నారంట."

అదీ ఆవిడ వచ్చిన కారణం. నావైతే అన్నీ చిన్న కారణాలు. సరిగ్గా నాట్లు మొదలయ్యే రోజులవి. ఆ కాలంలో ముఠాని తోడికోడలికి అప్పగించి, జీవితంలో మొదటిసారి పాస్‌పోర్టు ఫొటో దిగి, ఒక రేకు పెట్టె పట్టుకుని వచ్చింది.

శిక్షణ ఎలా ఉండేదో చెప్తాను. ఉదయం ఐదున్నరకి విజిల్ వేసేవారు. శరీర దారుఢ్యం కోసం గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు నడవాలి. పొద్దున్నించి సాయంత్రం దాకా బురదలో వంగి వెనక్కి నడిచే మనిషి చేత, దారుఢ్యం కోసం గ్రౌండు చుట్టూ నడిపించారు. ఆవిడ చెప్పులు విప్పి గట్టున పెట్టి, కొంగు దోపుకుని నడిచేది. మేం రెండో రౌండుకి ఆయాసపడుతుంటే ఆవిడ నాలుగూ పూర్తి చేసి మా కోసం నిలబడేది.

టిఫిను తర్వాత క్లాసు. చెప్పేది ముప్ఫై అయిదేళ్ళ మేడం, బెంగుళూరు నుంచి వచ్చింది. మన వాళ్ళమ్మాయే, తెలుగు బాగానే మాట్లాడుతుంది గానీ స్లైడ్లన్నీ ఇంగ్లీషులో ఉండేవి. కొత్త చోట మనసు ఎలా తల్లడిల్లుతుందో గ్రాఫు గీసి చూపించేది. మొదటి నెల ఉత్సాహం, మూడో నెల దిగులు, ఆరో నెల సర్దుబాటు. మేస్త్రమ్మ ఆ గీత కేసి చాలాసేపు చూసి, ఇది కాలవ మట్టమాండి అని నన్ను చిన్నగా అడిగింది.

బుధవారాలు తిండి అలవాటు చేసేవారు. ఉప్పూ కారం లేని తెల్ల మొక్కజొన్న ముద్ద, దాన్ని ఫోర్కుతో తినాలి. ఇంజన్ల పెద్దాయన ఫోర్కుని అటూ ఇటూ తిప్పి, దీంతో కార్బరేటరు శుభ్రం చెయ్యొచ్చు అన్నారు. మేస్త్రమ్మ గదిలోకి వెళ్ళి రేకు పెట్టెలోంచి గోంగూర పచ్చడి సీసా తెచ్చి బల్ల కింద నుంచి అందరికీ తలా కాస్త పెట్టింది. "గోంగూర ఉంటే ఏ దేశమన్నా గొంతు దిగుద్దండి" అంది. ఆ దేశంలో వాళ్ళు కూడా మనలాగే చేత్తో తింటారని నేను అక్కడికి వెళ్ళాక తెలిసింది. ఆరు బుధవారాలు మా చేత ఫోర్కు పట్టించినవాళ్ళలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు.

తెలియనివి ఇంకా ఉన్నాయి. మొదటి వారంలోనే మేస్త్రమ్మ లేచి నిలబడి అడిగింది.

"అక్కడ నాటు ఏ నెల్లో ఏస్తారండి? నేల నల్లదా ఎర్రదా? కాలవ నీళ్ళా, వాన నీళ్ళా?"

మేడం ఎంతో మర్యాదగా, అది ఆరో మాడ్యూల్లో వస్తుందండి అంది. మేం ఆరో మాడ్యూలు కోసం మూడు వారాలు ఎదురు చూశాం. అది జట్టు స్ఫూర్తి గురించి. బెలూన్లు ఊది పగలకుండా ఒకరికొకరు అందించుకున్నాం. ఆ రోజు సాయంత్రం మేస్త్రమ్మ వరండాలో కూర్చుని, "ఈళ్ళకి నేల సంగతి తెలవదా అండి?" అంది. తెలియదమ్మా అన్నాను. "తెలవదని చెప్పొచ్చుగా" అంది. నాకు సిగ్గేసింది, ఎందుకంటే తెలియదని చెప్పటం మా శాఖలో నేనూ ఎప్పుడూ నేర్చుకోలేదు.

ఇంగ్లీషు రాని మేస్త్రమ్మకి ట్రాన్స్‌లేటర్‌గా నన్నే పెట్టారు. ఇక్కడే నా తప్పుకి పునాది పడింది, జాగ్రత్తగా వినండి. మొదట్లో ఆవిడ ఒక ముక్క అంటే నేను దాని వెనకున్న సంగతంతా కలిపి చెప్పేవాణ్ణి. ఒకరోజు ఆవిడ "మడి తేరుకోకుండా నాటెయ్యకూడదండి" అంది. దమ్ము చేసిన బురద అడుగుకి దిగి, పైన నీరు తేటపడిన తర్వాతే నాటాలని, లేకపోతే మొక్క లోతుకి కూరుకుపోతుందని, నేను ఇంగ్లీషులో నాలుగు నిమిషాలు చెప్పాను. మేడం నవ్వుతూనే ఆపింది.

"సార్, ఆవిడ నాలుగు మాటలన్నారు, మీరు నాలుగు నిమిషాలు చెప్పారు. ట్రాన్స్‌లేటర్ అంటే పైపు లాంటివాడు సార్. ఇటు పోసింది అటు రావాలి. కలపకూడదు, తీయకూడదు. మాటకు మాట."

అంతటితో ఊరుకోలేదు. నా ఫీడ్‌బ్యాక్ కాగితం మీద ఎర్ర సిరాతో 'సొంత కవిత్వం ఎక్కువ' అని అర్థం వచ్చేలా రాసింది. ముప్ఫై మూడేళ్ళ సర్వీసు చేసినవాణ్ణి, నా కూతురు వయసు మనిషి నాకు ఎర్ర సిరా పెడుతుందా అని ఒళ్ళు మండిపోయింది. సరే, పైపు కావాలా, పైపునే అవుతాను చూడు అనుకున్నాను. ఆ రోజు నుంచి పంతం పట్టి మాటకు మాట అప్పజెప్పాను. మేడం మెచ్చుకుంది. నాకు ఆ మెచ్చుకోలు బాగానే రుచించింది, అది కూడా ఒప్పుకుంటాను.

అయిదో వారంలో ఆఖరి పరీక్ష. వీడియో తెర మీద ముగ్గురు, ఇద్దరు విదేశీయులు, ఒకాయన ఢిల్లీ నుంచి. ఎవరికీ తెలుగు రాదు. మేడం గదిలో ఒక మూల కూర్చుంది, ఆవిడ పని చూసి రాసుకోవటం మాత్రమే. మేస్త్రమ్మ చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. నారు ఎన్ని రోజులది తీయాలి, కట్ట ఎలా కట్టాలి, కుదురుకి ఎన్ని మొక్కలు పెట్టాలి అని అరగంట అడిగారు. ఆవిడ ఒక్కచోట తడబడలేదు. బల్ల మీద బొటనవేలు, రెండు వేళ్ళు ఆనించి నాటే తీరు చూపిస్తుంటే తెర మీదున్న ముగ్గురూ కుర్చీల్లో ముందుకి జరిగారు. పని అయిపోయింది, ఆవిడకి సీటు వచ్చినట్టే అని నేను అనుకున్నాను.

అప్పుడు తెర మీది విదేశీయుల్లో పెద్దవాడు ఆఖరి ప్రశ్న వేశాడు. ఇది పద్దెనిమిది నెలల పని, మధ్యలో ఇంటికి రావటం కుదరదు, ఆవిడ సిద్ధమేనా అని. నేను ఆవిడకి తెలుగులో చెప్పాను. ఆవిడ లేచి నిలబడి, తెరకి రెండు చేతులూ జోడించింది.

"అట్టాగేనండి. ఎల్లొస్తానండి."

నేను మాటకు మాట చెప్పాను. "యెస్ సర్. ఐ విల్ గో అండ్ కమ్."

తెర మీద అతని మొహం మారింది. "కమ్? వెన్?" అన్నాడు.

పైపుకి ఆలోచన ఉండదు కదా. నేను ఆవిడ వైపు తిరిగి, ఎప్పుడొస్తారని అడుగుతున్నారమ్మా అన్నాను. ఆవిడకి ఆ ప్రశ్న వింతగా తోచింది, అయినా మర్యాద తప్పలేదు.

"అది నా చేతిలో ఏముందండి? దేవుడు ఎప్పుడు తీసుకొస్తే అప్పుడే."

అది కూడా చెప్పాను. నా చేతిలో లేదు, దేవుడు ఎప్పుడు తీసుకొస్తే అప్పుడు వస్తాను అని, శుభ్రమైన ఇంగ్లీషులో, ఒక్క అక్షరం కలపకుండా, తీయకుండా. ముగ్గురూ తలలు వంచి రాసుకున్నారు. మూలనున్న మేడం ఒకసారి తలెత్తి నా వైపు చూసి, మళ్ళీ కాగితంలోకి చూసుకుంది.

బయటికి వచ్చి ఇంజన్ల పెద్దాయనతో గొప్పగా అంతా చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టారు.

"గో అండ్ కమ్ అన్నారా? అదేంటి సార్. మా ఇంట్లో ఉర్దూలో కూడా గడప దాటేటప్పుడు జాతా హూఁ అనరు, ఆతా హూఁ అంటారు. పోయేవాడు వస్తన్నా అంటాడు. దాన్ని ఉన్నదున్నట్టు దొరలకి చెప్తే వాళ్ళేమనుకుంటారు? ఒకసారి లోపలికెళ్ళి సర్ది చెప్పండి."

పరీక్ష గది మూయటానికి ఇంకా గంట టైముంది. తెర ఇంకా ఆపలేదు. తలుపు పదడుగుల దూరంలో ఉంది. అంత చదువుకున్నవాళ్ళు ఆ మాత్రం తెలుసుకోలేరా అని నేను కొట్టిపారేశాను. నిజానికి తిరిగి లోపలికి వెళ్ళి వివరణ ఇస్తే మళ్ళీ ఎర్ర సిరా పడుతుందని భయపడ్డాను. పిల్లలూ, మొదటి తప్పుకి నిబంధన అడ్డం పెట్టుకోవచ్చు. ఈ రెండోదానికి నాకు ఏ అడ్డమూ లేదు.

మూడు రోజులకి ఫలితం కాగితం వచ్చింది. నైపుణ్యం, అత్యుత్తమం. నిబద్ధత, సందేహాస్పదం. 'అభ్యర్థి మధ్యలో తిరిగి రావాలనే ఉద్దేశాన్ని వ్యక్తం చేశారు. ఎప్పుడని అడగగా, అది మత విశ్వాసాల మీద ఆధారపడి ఉంటుందని చెప్పారు. సిఫారసు చేయటం లేదు.' దాని కిందే ఇంకో వాక్యం ఉంది, అనువాదం ఖచ్చితంగా ఉందని. శిక్షణ అయ్యాక ఆ వాక్యాన్నే సర్టిఫికెట్‌గా అచ్చేసి నాకిచ్చారు.

ఆ కాగితం ఆవిడకి తెలుగులో చదివి చెప్పాల్సిన పని కూడా నాదే అయింది. వరండాలో నిలబడి చదివాను. ఆవిడ అంతా విని అడిగింది.

"అంటే, ఇంక తిరిగి రానని చెప్తే పంపిచ్చేవోళ్ళాండి?"

నేను కాగితం మడిచాను.

"ఎల్లేవోళ్ళు ఎక్కడన్నా అట్టా అంటారాండి?" అని, లోపలికి పోయి రేకు పెట్టె సర్దుకుంది. సగం మిగిలిన గోంగూర సీసా మా ఇద్దరికీ వదిలేసింది.

ఆవిణ్ణి పామర్రు బస్సెక్కించి, తిన్నగా మేడం గదికి వెళ్ళాను. నా కోపం నా మీదే ఎక్కువ, కానీ దాన్ని దించుకోవటానికి ఇంకో మనిషి కావాలి.

"మీకు తెలుగు వచ్చు కదమ్మా. ఆవిడ అన్నది మీకు అర్థం కాలేదా?" అన్నాను.

"అర్థమైంది సార్."

"మరి నోరెందుకు విప్పలేదు?"

"నేను అబ్జర్వర్ని సార్. అబ్జర్వర్ మాట్లాడితే అసెస్‌మెంటే చెల్లదు. అందరికీ ఒకే రూలు. అప్పీలు ఫారం ఉంది, మీరు రాయండి, నేను ఫార్వర్డ్ చేస్తాను."

ఆ అమ్మాయి చెడ్డది కాదు. అప్పీలు ఫారం తనే తీసి నా చేతికిచ్చింది. కానీ చెడ్డవాళ్ళ వల్ల ఆవిడకి అన్యాయం జరిగి ఉంటే నాకు ఇంత మంట ఉండేది కాదు. అందరూ మంచివాళ్ళే, అందరూ రూలు ప్రకారమే నడిచారు. మడి తేరుకుందో లేదో పాదం మోపి చెప్పగల మనిషిని ఇంటికి పంపించి, బెలూన్లు ఊదగల మమ్మల్ని ఉంచారు.

అయిదున్నర అయింది. మేడం లాప్‌టాప్ మూసి, బ్యాగు భుజాన వేసుకుని, అలవాటు కొద్దీ అంది.

"వెళ్ళొస్తానండి."

అన్నాక గుమ్మంలో ఆగిపోయింది. నేను వదలలేదు.

"ఎప్పుడొస్తారమ్మా?" అన్నాను.

తల దించుకుని వెళ్ళిపోయింది. పెద్దవాణ్ణి, అలా అనకుండా ఉండాల్సిందని తర్వాత అనిపించింది గానీ, ఆ క్షణాన అనటమే న్యాయమనిపించింది.

అప్పీలు మూడు పేజీలు రాశాను. ఎర్ర సిరా వస్తే రానీ అని సొంత కవిత్వమంతా పోశాను. మా వైపు మనిషి గుమ్మం దాటేటప్పుడు పోతున్నాను అనడు, ఆ మాట చావుకి దాచిపెట్టుకుంటాం, అమ్మవారి గుడికి వెళ్ళినా, ఆస్పత్రికి వెళ్ళినా, సముద్రాలు దాటి వెళ్ళినా వెళ్ళొస్తాననే అంటాం, అది ఒప్పుకోవటమే తప్ప తేదీ కాదు, తప్పు పూర్తిగా అనువాదకుడిది అని రాశాను. జవాబు వారానికే వచ్చింది. నా అమూల్యమైన అభిప్రాయానికి కృతజ్ఞతలన్నారు. ఆ స్థానాన్ని ఇప్పటికే ఇంకో దేశంలో వేరే పనికి మార్చేశామన్నారు. ఈ అనుభవం నుంచి సంస్థ నేర్చుకుని శిక్షణలో తగిన మార్పు చేసిందన్నారు.

ఆ మార్పేమిటో ఆఖరి రోజు క్లాసులో చూశాను. కొత్త స్లైడు. పైన 'సాంస్కృతిక అపార్థాలు, ఒక ఉదాహరణ' అని, కింద ఆవిడ అన్న మాట, నేను చేసిన ఇంగ్లీషు, పక్కన నవ్వే బొమ్మ. క్లాసులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆవిడకి సీటు ఇవ్వలేదు, ఆవిడ మాటని మాత్రం ఉంచుకున్నారు. నేను లేవబోయాను. ఇంతలో ఇంజన్ల పెద్దాయన లేచి, నింపాదిగా నడిచి వెళ్ళి, ప్రొజెక్టరు వైరు పీకేశారు.

"వేడెక్కిందండి, కాలిపోద్ది" అన్నారు. యంత్రాల విషయంలో ఆయన మాటకి తిరుగులేదు గనక ఎవరూ ఏమీ అనలేదు.

నేను కూడా మానేద్దామని నిశ్చయించుకున్నాను. ఆ కబురు ముందు మేస్త్రమ్మకే చెప్పాలని పామర్రు వెళ్ళాను. ఆవిడ ఇంట్లో లేదు. కాలవ నీళ్ళు ఆలస్యంగా అందిన శివారు పొలంలో ముఠాతో నాటేస్తోంది. గట్టు మీద నిలబడి, నా అలవాటైన చోటే, చెప్పాను. మీకు జరిగినదానికి నిరసనగా నేనూ వెళ్ళటం లేదమ్మా అని. నడుం ఎత్తి నా వైపు చూసింది. మెచ్చుకుంటుందనుకున్నాను.

"మీరు మానేస్తే నాకేం ఒరుగుద్దండి? నా సీటు ఎటూ పోయింది. ఇప్పుడు మీదీ పోతే అక్కడి ఆడోళ్ళకి నాటు ఎవరు చూపిస్తారు? ఇంజన్ల సాయిబుగారా?"

ముఠా అంతా పని ఆపి వింటోంది.

"అసలు మీరెప్పుడన్నా నాటేశారా ఏవోగారూ?"

వేయలేదు. ముప్ఫై మూడేళ్ళు చదరపు మీటరుకి ఇన్ని కుదుళ్ళు, ఇన్ని సెంటీమీటర్ల లోతు అని చెప్పాను, ఫొటో కోసం రెండు మొక్కలు గుచ్చాను. అంతే. నా మొహం చూసి ఆడవాళ్ళందరూ గొల్లున నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"రేపు పొద్దున్నే లుంగీ కట్టుకు రండి" అంది.

తొమ్మిది రోజులు ఆ ముఠాలో నాటాను. మొదటి రోజు నేను నాటిన ప్రతి కుదురూ ఆవిడ పీకి మళ్ళీ నాటింది. "లోతుగా గుచ్చబాకండి. పిలక పైకి రాలేదు" అనేది. రెండు సెంటీమీటర్లు అని వేలసార్లు పలికిన నోరే నాది, చెయ్యి మాత్రం నాలుగు వేళ్ళ లోతుకి పోయేది. నా వరసకి ఆడవాళ్ళు ఏవోగారి వంకర అని పేరు పెట్టారు. నడుం విరిగింది, గోళ్ళలో బురద కరుడు కట్టింది. నాలుగో రోజు మధ్యాహ్నం గట్టున అన్నం తింటున్నప్పుడు ధైర్యం చేసి అన్నాను.

"అమ్మా, ఆ రోజు తప్పు నాది."

"అవునండి, మీదే" అంది.

ఫర్వాలేదులెండి అంటుందని చూశాను. అనలేదు. చెయ్యి కడుక్కుని మళ్ళీ మడిలోకి దిగి, "ఆ కట్ట ఇటు అందుకోండి" అంది. తొమ్మిదో రోజు సాయంత్రం నా వరస వెంట నడుచుకుంటూ వచ్చి, ఏదీ పీకకుండా వెళ్ళిపోయింది.

తర్వాత నేను ఆఫ్రికా వెళ్ళాను, అక్కడ ఆడవాళ్ళు నాటు నేర్చుకున్నారు. నేల నల్లది, నీళ్ళు వానవి. వెళ్ళిన మొదటి రోజే రాసి మేస్త్రమ్మకి కబురు పంపాను. వాళ్ళు నా చెయ్యి చూసి నేర్చుకున్నారు, ఆ చెయ్యి ఎవరు పెట్టిందో వాళ్ళకి చెప్పాను. సంస్థకి పంపే రిపోర్టులో అది రాయటానికి గడి లేదు.

ఇప్పుడు మీకు చెప్పాల్సింది చెప్తాను. సర్వీసంతా నేను చేసింది కూడా ట్రాన్స్‌లేటర్ పనేనని నాకు ఆలస్యంగా తెలిసింది. రైతు 'చూద్దాంలెండి' అంటే, రైతు అంగీకరించారని రాశాను. 'మీరు చెప్తే సరేనండి' అంటే, అవగాహన పెరిగిందని రాశాను. చూద్దాంలెండి అంటే కుదరదని అర్థమని నాకు తెలియదా? పుట్టినప్పటి నుంచీ తెలుసు. కానీ ఆఫీసు గడిలో పట్టేది అంగీకరించారు అన్న మాటే. ఎంతమంది మాట అలా తారుమారు చేశానో లెక్క లేదు. వాళ్ళలో ఒక్కరు కూడా నన్ను మడిలోకి దించి, మీదే తప్పని చెప్పలేదు. ఆ పని చేసింది ఆవిడే.

బయల్దేరే రోజు ఇంజన్ల పెద్దాయనా నేనూ గన్నవరం ఎయిర్‌పోర్టు దగ్గర దిగేసరికి, మేస్త్రమ్మ రెండు బస్సులు మారి వచ్చి మా కోసం నిలబడి ఉంది. పరీక్ష రోజు కట్టుకున్న తెల్లచీరే కట్టుకుంది. చేతిలో గుడ్డ చుట్టిన గోంగూర సీసా. మా ఆవిడా, పెద్దాయన కొడుకులూ ఉన్నారు గానీ ఆవిడ నా పెట్టె దగ్గరికే వచ్చి, సీసా బట్టల మధ్య తన చేత్తో సర్ది, మూత వేసింది. తలుపు దగ్గర గార్డు టికెట్లు అడుగుతున్నాడు. నేను చేతులు జోడించాను.

"వెళ్ళొస్తానమ్మా" అన్నాను.

ఆవిడ అద్దాల తలుపుల కేసి, లోపల వరసలో నిలబడ్డవాళ్ళ కేసి చూసి, నా దగ్గరగా వచ్చి, ఎవరికీ వినపడకుండా చెప్పింది.

"ఆ మాట నా దగ్గరంటే అన్నారుగానీ, లోపల అనబాకండి ఏవోగారూ. ఎనక్కి పంపించేస్తారు."

నవ్వుతుందేమోనని మొహంలోకి చూశాను. నవ్వలేదు.